గోడ దాకా వచ్చిన పోగులు

పంచదార డబ్బాకి చీమలు పట్టాయి. తగువు అక్కడ మొదలైంది.

"మూత గట్టిగా పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలి అక్కా? డబ్బా కొన్నది చీమల కోసమా, మన కోసమా?" అంటూ తోడికోడలు డబ్బాను తీసుకెళ్లి కిటికీలో ఎండ తగిలేచోట దబ్బున పెట్టింది.

"నువ్వు బిగిస్తే తీయడానికి మళ్లీ నిన్నే పిలవాలి. చెంచాడు పంచదారకి కూడా నీ పర్మిషన్ కావాలా?" అంది పెద్ద కోడలు, స్టవ్ మీద పాల గిన్నె వంక చూస్తూనే.

"నిన్న టీలో తేలాయి. మీ మరిది గ్లాసు ఎత్తి చూసి, ఈ ఇంట్లో టీకి కాళ్లొచ్చాయా అన్నారు."

"అంటే అన్నాడులే. చీమల్ని తింటే చూపు బాగుంటుందంటారు. ఈ మధ్య ఎదురుగా ఉన్నవి కూడా కనబడట్లేదు చిన్నబ్బాయికి."

మంచి దెబ్బే. ఇక తోడికోడలి వంతు. ఆమె నడుం మీద చేయి వేసింది, నోరు తెరిచింది. పెద్ద కోడలు కూడా తర్వాతి మాట నాలుక చివర సిద్ధంగా పెట్టుకుంది. ఇద్దరూ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఈ వంటింట్లో ఇలాగే మాటకు మాట తూచి ఇచ్చుకుంటున్నారు. ఒక్కరోజు కూడా ఒకరికొకరు బాకీ పడలేదు.

తోడికోడలు తెరిచిన నోరు మెల్లగా మూసింది. నడుం మీది చేయి జారింది. మొహంలోకి ఎక్కడిదో ఒక మెత్తదనం వచ్చింది.

"పోనీలే అక్కా. నీ తప్పేముంది? పాపం, నీ తలలో అది లేదు కదా. ఇకనుంచి మూత నేనే పెడతాన్లే."

పాలు పొంగి స్టవ్ మీదికి వచ్చాయి. పెద్ద కోడలు కట్టేయలేదు. ఓడిపోయిన తగువులు ఆమె చాలా చూసింది. ఓడినా మర్నాటికి కొత్తది దొరికేది. కానీ అవతలి మనిషి జాలిపడి వదిలేసిన తగువు ఆమెకి ఇదే మొదలు. ముఖం మీద తలుపు వేసినట్టు, ఆ వేసింది కూడా చప్పుడు కాకుండా మెల్లగా వేసినట్టు అనిపించింది.

ఇంటికి వీధి అవతలే మామగారు పెట్టిన బేకరీ. ఆయన పోయాక ఎవరి పని వాళ్లకి కుదిరిపోయింది. పెద్ద కోడలి భర్త వ్యాన్ తోలుకుంటూ దుకాణాలకి, హాస్టళ్లకి రొట్టెలు వేస్తాడు. మరిది కౌంటర్, బ్యాంకు, బేరాలు చూస్తాడు. ఓవెన్ ముందు నిలబడేది ఆమె.

పిండి ముద్దని అరచేతి కింద పెట్టి బల్ల మీద గుండ్రంగా తిప్పితే బన్ను ఉండ అవుతుంది. కొత్తవాళ్లు ఒక చేత్తో ఒకటి చేస్తారు. చేయి తిరిగినవాళ్లు రెండు చేతుల కింద రెండు తిప్పుతారు కానీ, ఎడమచేతి కిందది ఎంతైనా కాస్త సొట్టపోతుంది. ఈమెకి రెండూ ఒక్క అచ్చులో పోసినట్టు వచ్చేవి. ఎందుకంటే ఆమె కుడిచేయి ఏం చేస్తే ఎడమచేయి అద్దంలో బొమ్మలా అదే చేసేది. చేయమనక్కర్లేదు. వద్దన్నా మానదు. చిన్నప్పుడు బడిలో కుడిచేత్తో పలక మీద రాస్తుంటే ఎడమచేతి వేళ్లు గాలిలో రాసేవి. పంతులమ్మ మణికట్టు పట్టుకుని ఆ చేతిని బల్ల కింద పెట్టించింది. బల్ల కింద కూడా అది రాస్తూనే ఉండేది. పిండి బల్ల దగ్గరికి వచ్చాకే ఆ చేతికి విలువ వచ్చింది. బేకరీ పనివాళ్లు ఆమెకి జోడమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు వీధికి పాకింది, చివరికి బియ్యం కొట్టువాడు చీటీ మీద కూడా అదే రాసేవాడు.

రానివీ ఉండేవి. వాటిలో ఒకటి కేకు మీద పువ్వులు వేయడం. ఒక చేయి కేకు పీట తిప్పుతుంటే రెండోది క్రీము సంచీ పిండాలి. జోడమ్మ పీట తిప్పితే సంచీ కూడా తిరిగేది. అందుకని తోడికోడలు పీట తిప్పేది, జోడమ్మ పువ్వులు వేసేది. ఇద్దరూ కలిసి ఒక మనిషి పని చేస్తూ, ఇద్దరు మనుషుల తగువు పడేవారు. అందులో వింత ఉందని ఎవరికీ తోచలేదు. ఒక్కో ఇంటికి ఒక్కో అలవాటు, అంతే.

ఊరి అవతలి వైపు పెద్ద వీధిలో కొత్త షాపు తెరవాలని మరిది ఏడాదిగా తిరుగుతున్నాడు. "కొత్త షాపు ఓవెన్ మా వదినది. ఆవిడ చేయి పడకపోతే మా బన్ను మా బన్ను కాదు" అని తనే అందరికీ చెప్పుకున్నాడు.

అంతలో ఒకరోజు పొద్దున జోడమ్మ తడినేల మీద కాలు జారి, ట్రేలు పెట్టే ఇనప స్టాండుకి తల కొట్టుకుంది. ఎత్తుకుని ఆటోలో వేసింది మరిదే. అతని చొక్కా అంతా రక్తం. ఆసుపత్రిలో కుట్లు వేశారు, లోపల ఏమైనా దెబ్బ తగిలిందేమోనని తలకి ఫోటోలు తీశారు. దెబ్బ పైపైనే ఉంది. కానీ ఫోటో చూసిన కుర్ర డాక్టరు ఇంకో కుర్ర డాక్టర్ని పిలిచాడు, వాళ్లిద్దరూ పెద్ద డాక్టరమ్మని పిలిచారు. ఇంకో పెద్ద మెషిన్‌లో పడుకోబెట్టి మళ్లీ ఫోటోలు తీశారు.

డాక్టరమ్మ గదిలో జోడమ్మ, ఆమె భర్త, కొడుకు కూర్చున్నారు. కొడుకు మందుల షాపులో పని చేస్తాడు. రోగాల పేర్లు తెలుసు కాబట్టి రోగాలూ తెలుసనుకుంటాడు.

"మెదడు రెండు సగాలుగా ఉంటుందమ్మా. అక్రోటు పప్పులాగా," అంది డాక్టరమ్మ. "కుడి సగానికీ ఎడమ సగానికీ మధ్య ఒక పెద్ద వంతెన ఉంటుంది. మీకు ఆ వంతెన లేదు."

"పడినప్పుడు విరిగిందా?" అన్నాడు భర్త.

"కట్టనేలేదు. ఆవిడ తల్లి కడుపులో ఉన్నప్పుడే. మూడో నెల దాటుతుండగా మెదడులో ప్రతి కణం ఒక సన్నటి పోగు బయటికి పంపుతుంది. ఆ పోగు చివర చిన్న అరచేయిలాంటిది ఉంటుంది. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచినట్టు తడుముకుంటూ వెళ్తుంది. దారిలో ఉన్న కణాలు కొన్ని ఇటు రా అంటాయి, కొన్ని అటు పోకు అంటాయి."

"నోటితోనా?" అంది జోడమ్మ.

డాక్టరమ్మ నవ్వింది. "ఓవెన్‌లో బన్నులు కాలుతుంటే వీధి చివర ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? అలాగ. కొన్ని కణాలు కొన్ని పదార్థాలు వదులుతాయి. వాటిని పట్టుకుని పోగులు నడుస్తాయి. రెండు సగాల మధ్యా సరిహద్దు దగ్గర ముందుగా కొద్ది పోగులు ధైర్యం చేసి దాటుతాయి. వెనక వచ్చేవి వాటిని పట్టుకుని దాటుతాయి. ఆ వెనక ఇంకొన్ని. అలా కోట్ల పోగులు చేరితే వంతెన అవుతుంది."

"మరి నావి?"

"మీవి సరిహద్దు దాకా వచ్చాయి. రమ్మనే పిలుపు అందుకునే గుణం వాటికి సరిగ్గా లేకపోయుండొచ్చు. దాటలేదు."

"అక్కడే చచ్చిపోయాయా?"

డాక్టరమ్మ తెర మీద ఒకచోట పెన్ను ఆనించింది. మధ్యగీతకి అటొకటి ఇటొకటి, రెండు లావుపాటి తాళ్లలాంటివి నిలువుగా ఉన్నాయి. "ఇవిగో. చావలేదు. దాటే దారి లేకపోయేసరికి పక్కకి తిరిగి, ఆ గోడ వెంబడే ముందు నుంచి వెనక్కి దారి చేసుకున్నాయి. ఇంకొన్ని చిన్న చిన్న వంతెనలుంటాయి, వాటి మీదుగా కూడా కాస్త రాకపోకలు జరుగుతుంటాయి."

జోడమ్మ ముందుకి వంగి తెరకి దగ్గరగా చూసింది. పుట్టకముందే తనలో ఇంత పని జరిగిందని ఆమెకి తెలియదు. అంతమంది వచ్చి, దారి లేదని తెలిసి, ఇంటికి తిరిగి వెళ్లకుండా అక్కడే ఇంకో రోడ్డు వేసుకున్నారన్నమాట. మొండిఘటాలు. తన పుట్టింటి తరఫే అయ్యుంటారు అనుకుంది.

"మీ ఎడమచేయి కుడిచేతిని అనుకరించడం ఇందాక చూశాను కదా, అది కూడా ఇందులోదే. చేతులకి వెళ్లే పోగులు కూడా పక్క మారాలి. మీలో కొన్ని మారవు. అందుకని ఒక చేతికి పంపిన కబురు రెండో చేతికీ అందుతుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"మా ఆవిడ దానం చేస్తే రెండు చేతులకీ తెలుస్తుందండి," అన్నాడు భర్త. భయం వేసినప్పుడు అతను జోకులు వేస్తాడు.

"మా అమ్మకుండేది," అంది జోడమ్మ. అంటూనే పక్కకి చూసింది. కొడుకు ఈ వంతెన గురించి ఫోన్‌లో వెతుకుతున్నాడు. కుడి బొటనవేలు తెరని పైకి జరుపుతోంది. ఒళ్లో ఖాళీగా ఉన్న ఎడమ బొటనవేలు, తెర లేకుండానే, పైకి జరుపుతోంది. వాడు ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ ఆమె చూస్తున్నదే. డాక్టరమ్మ తెర వైపు తిరిగి ఉంది. జోడమ్మ ఇంకేమీ అనలేదు.

"ఫిట్స్ వస్తాయని ఉంది ఇక్కడ. చదువు రాదని ఉంది," అన్నాడు కొడుకు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

"కొంతమందికి వస్తాయి. కొంతమంది పిల్లలకి చాలా కష్టంగా ఉంటుంది, అది నేను కాదనను. కొంతమందికి మీ అమ్మలాగా, కాలు జారి పడేదాకా తెలియదు."

"ఇది ముదురుతుందా?" అంది జోడమ్మ.

"ఇది రోగం కాదమ్మా ముదరడానికి. మీ కట్టడమే ఇది. కుట్లు మానాక మీ పని మీరు చేసుకోండి."

ఇంటికొచ్చేసరికి ఆ చివరి ముక్క దారిలో ఎక్కడో జారిపోయింది. మొదటి ముక్క మాత్రం ఇంటికి ముందే చేరింది.

"ఏమ్మాయ్, నీ తలలో ఏదో లేదంట కదా?" అంది అత్తగారు మంచం మీద నుంచి.

"లేదంటత్తయ్యా."

"అప్పుడే చెప్పాను మీ మామయ్యకి. వింటేగా."

అత్తగారి మాట జోడమ్మకి నొప్పి అనిపించలేదు. ఆవిడ ఎప్పుడూ అనేదే, ఇప్పుడు ఒక డాక్టరు సాక్ష్యం దొరికింది, అంతే. బాధపెట్టింది మిగతావాళ్ల మంచితనం. తోడికోడలు చీమల తగువు జాలిపడి వదిలేసింది ఆ రోజుల్లోనే. అందరూ ఆమె జీవితాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చదవడం మొదలుపెట్టారు. సైకిలు ఎందుకు నేర్చుకోలేదో ఇప్పుడు తెలిసిందన్నాడు భర్త. జోకు చెప్తే అమ్మ ఒక నిమిషం ఆగి నవ్వేది అందుకేనన్నాడు కొడుకు. కర్టెన్ గుడ్డ వంకరగా కత్తిరించింది, బంధువుల ఇంటి గొళ్లెం తీయలేక బాత్రూంలో ఉండిపోయింది, ఒకసారి ఉప్పు రెండుసార్లు వేసింది. అన్నిటికీ తలలు ఊపారు. ఉప్పు రెండుసార్లు వేయని ఆడది ఈ భూమ్మీద ఉందా? తను తన స్వభావం అనుకున్నదంతా, తన పొగరు, తన బద్ధకం, తన మొండితనం, ఒక్కొక్కటే తన చేతుల్లోంచి తీసుకుని ఆసుపత్రి కవర్లో పెట్టేస్తున్నట్టు ఉంది.

కుట్లు మానాక ఆమె ఏప్రన్ కట్టుకుని షాపుకి వెళ్తే, ఓవెన్ దగ్గర ఒక కొత్త మనిషి ఉన్నాడు. మరిది ఎక్కడినుంచో పిలిపించిన మాస్టరు.

"ఇక మీరు కష్టపడొద్దు వదినా," అన్నాడు మరిది. "మిక్సరు ఉంది, ఓవెన్ ఉంది. ఏ క్షణాన ఏమవుతుందో ఎవరు చూడొచ్చారు? కొత్త షాపుకి కూడా ఈ మాస్టర్నే అనుకుంటున్నాను. మీరు హాయిగా కౌంటర్లో కూర్చుని కేకు డబ్బాలకి దారం కట్టండి. చిన్నపిల్లలు కూడా చేసే పని."

"డాక్టరమ్మ పని చేసుకోమంది చిన్నబ్బాయ్."

"ఆవిడ మన మిక్సరు చూసిందా?"

ఇంట్లో అందరికంటే తెలివిగలవాడని పేరున్న మనిషి చేసిన తప్పు అది. ఈ లోకంలో జోడమ్మ చేతులకి రాని పనులన్నీ ఏరి, అందులో ముఖ్యమైనదాన్ని తెచ్చి ఆమె ముందు పెట్టాడు, దయతో. డబ్బాకి అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు, మధ్యలో ముడి. ముడి వేయాలంటే ఒక చేయి పట్టుకోవాలి, ఇంకోటి తిప్పాలి. ఆమెకి రెండూ తిప్పేవి, లేదంటే రెండూ పట్టుకునేవి. ఇంట్లో ఏప్రన్ తాడుకి ఆమె పళ్లు వాడేది. కౌంటర్లో కూడా అలవాటుగా దారం కొస పళ్లతో పట్టుకుంది. కేకు కొన్న ఆవిడ మొహం చిట్లించింది. జోడమ్మ దారం వదిలేసి మళ్లీ మొదలుపెట్టింది. వెనక వరస పెరిగింది. ఎవరో గడియారం చూసుకున్నారు.

"నిదానంగా వదినా. తొందరేం లేదు," అన్నాడు మరిది, జ్వరం వచ్చిన పిల్లకి చెప్పినట్టు.

"ఇటివ్వండమ్మా, నేను కట్టుకుంటాలే," అంది కేకు ఆవిడ. చకచకా ముడి వేసుకుని, వెళ్తూ వెళ్తూ జోడమ్మ చేతిని తట్టింది.

వారం అలా గడిచింది. తోడికోడలు కూడా కేకుల దగ్గరికి రావడం మానేసింది. మాస్టరు పీట తనే తిప్పుకుంటాడు, క్రీము తనే పిండుకుంటాడు. పని తొందరగా అయ్యేది. వెనకగదిలో కేకులు నిశ్శబ్దంగా తయారయ్యేవి.

సెలవు ముందురోజు మధ్యాహ్నం కౌంటర్లో ఉన్న జోడమ్మకి ఒక వాసన తగిలింది. పిండి పొంగాల్సినదానికన్నా ఎక్కువ పొంగితే పులుపు తిరిగే వాసన. చేతిలో దారం అక్కడే పడేసి లోపలికి వెళ్లింది. ఉండలు చేసే పిల్లలు ఇద్దరూ ఆరోజు రాలేదు. మాస్టరు ఒక్కడే ఒకవైపు కేకుల ఆర్డరు, ఇంకోవైపు తొట్టి అంచు దాటి పొంగుతున్న పిండి, రెంటి మధ్యా చెమటలు కక్కుతున్నాడు.

"అమ్మగారూ, మిమ్మల్ని లోపలికి రానివ్వొద్దన్నారండీ," అన్నాడు. పాపం, అతని తప్పేముంది?

"ఎవరు?"

"సారు."

"సారు పిండికి కూడా చెప్పారా, ఆగమని?"

అతను పక్కకి జరిగాడు. ఆమె చేతులు కడుక్కుని, బల్ల మీద పిండి చల్లి, ముద్దలు కోసింది. రెండు అరచేతుల కింద రెండు ముద్దలు. కుడిది లోపలికి తిరిగితే ఎడమది లోపలికి తిరిగింది. ట్రేలో జంటలు జంటలుగా పడుతున్నాయి. వారం రోజులుగా ఒళ్లో ముడుచుకు కూర్చున్న ఎడమచేయి పుట్టింటికి వచ్చిన పిల్లలా తుళ్లిపడింది. మాస్టరు కేకుల వైపు తిరిగి తన పని తను చేసుకుంటున్నాడు. 

మరిది వచ్చి గుమ్మంలో నిలబడటం ఆమె చూడలేదు.

"వదినా, చాలు."

"ఈ ట్రే అవ్వనీ."

"చాలన్నానా!" అతను రెండు అడుగుల్లో వచ్చి ఆమె ఎడమ మణికట్టు పట్టుకున్నాడు.

ఎడమచేయి ఆగింది. దాంతో కుడిచేయి కూడా ఆగింది. గదిలో మిక్సరు చప్పుడు ఒక్కటే మిగిలింది. వ్యాన్‌లోకి ట్రేలు ఎక్కించడానికి వచ్చిన భర్త గుమ్మం బయట అలాగే నిలబడిపోయాడు. బడిలో పంతులమ్మ తర్వాత ఆ చేతిని పట్టుకుని ఆపినవాడు ఇతనే.

"చేయి తీయ్ చిన్నబ్బాయ్."

అతను వదిలేశాడు. వదిలి, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ప్యాంటుకి తుడుచుకున్నాడు. తెల్లటి పిండి మరక పడింది. బయటికి వెళ్లిపోయాడు. జోడమ్మ ఆ ట్రే పూర్తి చేసింది. తర్వాతిది కూడా.

మర్నాడు షాపుకి సెలవు. వారానికి ఆ ఒక్కపూటే ఇంటిల్లిపాదీ కలిసి తినేది. అత్తగారు బల్ల మొదట్లో కూర్చుంది. తోడికోడలు వడ్డించింది. జోడమ్మ కంచంలో కూర మరీ జాగ్రత్తగా, మరీ ఎక్కువగా వేసింది.

 మరిదే మొదలుపెట్టాడు.

"నిన్న నేను చేసింది తప్పే వదినా. అలా పట్టుకోకూడదు. కానీ నాకెంత భయం వేసిందో మీకు తెలియదు. ఆరోజు నా చేతుల్లో మీ తల వేలాడింది. ఆ రక్తం చూసింది నేను."

"తెలుసు చిన్నబ్బాయ్. నువ్వు లేకపోతే నేను లేను. ఆ మాట ఎక్కడైనా చెప్తాను."

"అందుకని ఒకటి ఆలోచించాను. మీకు అంతగా మనసుంటే ఉండలు చేయండి. పక్కన ఒక మనిషిని పెడతాను. మిమ్మల్ని చూసుకుంటూ ఉంటుంది. మిక్సరు, ఓవెన్ ముట్టుకోకుండా..."

"బాగుంది కదక్కా?" అంది తోడికోడలు ఆత్రంగా.

"ఆయాని పెడతారన్నమాట," అంది జోడమ్మ.

"అది కాదమ్మా," అన్నాడు కొడుకు. "బాబాయ్ చెప్పేది సబబుగానే ఉంది. వినవేం? ఒక చేయి కదిలితే రెండోది ఊరుకోని మనిషి నిప్పు దగ్గర నిలబడటమేంటి? నాకు షాపులో కూర్చున్నా అదే భయం."

అంటూ వాడు కుడిచేత్తో అన్నం కలుపుతున్నాడు. బల్ల అంచు మీద ఆనించిన ఎడమచేతి వేళ్లు, గాలిని కలుపుతున్నాయి.

జోడమ్మ ఆ వేళ్ల వంక చూసింది. ఒక్క మాట చాలు. "అయితే నీ చెయ్యి చూసుకో" అంటే బల్ల చుట్టూ ఉన్న కళ్లన్నీ వాడి మీద పడతాయి, వాడి నోరు మూతపడుతుంది, తగువు ఈ నిమిషంలో తను గెలుస్తుంది. రేపటినుంచి వాడు తాళం ఎక్కడో మర్చిపోయినా, జోకుకి ఆలస్యంగా నవ్వినా, ఇల్లంతా జాలిగా తల ఊపుతుంది. మందుల షాపువాడు కూడా వాడిని ఏ అట్టపెట్టెల దగ్గరో కూర్చోబెడతాడు. వాడికి చెప్పాలి, నిజమే. ఇద్దరే ఉన్నప్పుడు, వాడు అడిగినప్పుడు, డాక్టరమ్మ చెప్పిన చివరి ముక్కతో సహా చెప్పాలి. కొడుకుని ఖర్చుపెట్టి గెలిచే తగువు ఆమెకి వద్దు. ఇది తన నోటితో గెలవాల్సిందే.

ఆమె కంచం కాస్త ముందుకి జరిపింది.

"అందరూ ఉన్నారు కాబట్టి ఒకసారే చెప్తాను. నా తలలో వంతెన లేదు. ఈరోజు పోయింది కాదు. నేను ఈ ఇంటికి వచ్చిననాడూ లేదు, వీణ్ణి కన్ననాడూ లేదు, మామయ్య పోయిన మూడోరోజు ఓవెన్ వెలిగించిననాడూ లేదు. లేకుండానే మీ అందరికీ రొట్టె చేసి పెట్టాను. అప్పుడు మీకెవరికీ భయం వేయలేదు. ఇప్పుడు ఫోటో చూసి వేసింది."

"అది మా ప్రేమ వదినా."

"ప్రేమే. కాదనను. కానీ ఆ ప్రేమతో నన్ను తీసుకెళ్లి దారాల దగ్గర కూర్చోబెట్టావ్. నాకు అసలు చేతకాని పనే అది. నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు. ఫోన్‌ని అడిగారు, ఫోటోని అడిగారు. ఎదురుగా ఉన్న నన్ను అడగలేదు." ఆమె గొంతు పెరగలేదు. "నా లోపలి పోగులు అడ్డం వచ్చిన చోట నిలబడి ఏడవలేదని డాక్టరమ్మ చూపించింది. పక్కనే దారి వేసుకున్నాయి. నేనూ అదే చేస్తున్నాను."

"అంటే?" అన్నాడు మరిది.

"కొత్త షాపు నీది. మాస్టరు మంచి పనివాడు, తీసుకెళ్లు. పాత షాపు నేను నడుపుతాను. రేపటినుంచే."

అత్తగారి చేతిలో ముద్ద ఆగింది. "వేరు పడతానంటున్నావా అమ్మాయ్? నేను బతికుండగా?"

"షాపులు వేరు పడుతున్నాయత్తయ్యా. వంటిల్లు ఒకటే. మీ మాటలు పడటానికి రోజూ ఇక్కడే ఉంటాను."

"అదీ," అంది అత్తగారు, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "పొగరు మాత్రం ఏ ఫోటోలోనూ పడలేదు."

"అన్నయ్యా, నువ్వేమంటావ్?" అన్నాడు మరిది.

జోడమ్మ భర్త ఇందాకటినుంచి తల వంచుకునే తింటున్నాడు. నోట్లో నాలుక లేని మనిషని అతనికి పేరు. ఇప్పుడు తల ఎత్తి, తమ్ముడి చేతి వంక, అంటే నిన్న పట్టుకున్న ఆ చేతి వంక చూశాడు.

"నేనేమంటాను? వ్యాన్ ఎవరిదని అడుగుతున్నాను," అన్నాడు.

"వ్యాన్ రెండు షాపులకీ తిరుగుతుంది," అంది జోడమ్మ.

"అయితే నాకు అభ్యంతరం లేదు."

తోడికోడలు గరిట పట్టుకుని నిలబడే ఉంది. "ఆయన కొత్త షాపుకి పోతే మరి నేను ఎటు అక్కా?"

"నీ ఇష్టం. నన్ను చూసి జాలిపడే పనైతే అటే వెళ్లు. కౌంటర్లో దారం కట్టడానికి, పీట తిప్పడానికి నాకు మనిషి కావాలి. అవి నాకు రావు, రావని బోర్డు కట్టి మరీ చెప్తాను. నోరున్న మనిషే కావాలి. నోరు మూసుకునేవాళ్లు నాకొద్దు."

 తోడికోడలి చేయి మెల్లగా నడుం మీదికి చేరింది.

"వదినా," అన్నాడు మరిది. ఈసారి అతని గొంతులో ఆజ్ఞ లేదు, భయమే ఉంది. "ఏదైనా జరిగితే?"

"జరిగితే జరిగిందని నేనే చెప్తాను. జరగకముందే మీరు చెప్పకండి. రేపు తెల్లవారకముందే ఓవెన్ వెలిగించాలి. పాత షాపు తాళాలు ఇటివ్వు."